రెండు రికార్డులు – ఒక లయ

ఊరి జాతరలయందును, పాఠశాల వార్షికోత్సవములయందును, పట్టణములలో జరుగు కళోత్సవములయందును 'డీజే' అను మాట నేడు తరచుగా వినబడుచున్నది. బండిమీద ఎత్తుగా పేర్చిన స్పీకర్లనే మనవారు డీజే యని వ్యవహరించుచున్నారు. 'పెండ్లికి డీజే పెట్టించినారు' అన్నచో ఆ పేటవారికి ఆ రాత్రి నిద్ర లేదని అర్థము. కాని యీ మాట యంత్రమునకు పేరు కాదు, మనుష్యునకు పేరు. 'డిస్క్ జాకీ' అను రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములు కలిసి డీజే యైనవి. డిస్క్ అనగా గ్రామఫోను రికార్డు. జాకీ అనగా పందెపు గుర్రము నెక్కి నడుపువాడు. రికార్డును గుర్రమువలె అదుపులో నుంచి నడుపువాడని భావము. అమెరికా రేడియోలో రికార్డులు వేయుచు, నడుమ నడుమ శ్రోతలతో మాటలాడువారికి మొదట ఈ పేరు కలిగెను.

'ఇతరులు పాడిన పాటలను వేయుటయే కదా! ఇందు నేర్వవలసిన దేమున్నది?' అని పెద్దలు తలచుచుందురు. మీట నొక్కిన చాలునని పిల్లలు తలచుచుందురు. ఈ రెండు అభిప్రాయములును సరియైనవి కావు. ఈ విద్య పుట్టిన విధమును తెలిసికొన్నచో ఆ సంగతి విశదమగును.

ఒక విద్యార్థిని తలపెట్టిన వేడుక

1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ అను పేటయందు ఒక చిన్న వేడుక జరిగెను. సెడ్జ్‌విక్ వీధిలోని 1520వ నంబరు గల పెద్ద భవనమున, అందులో కాపురముండువారు కూడుకొను గది దానికి వేదిక. సిండీ క్యాంప్‌బెల్ అను బాలిక, పాఠశాల తెరచునాటికి క్రొత్త బట్టలు కొనుక్కొనుటకై ఆ వేడుకను ఏర్పాటు చేసెను. ప్రవేశ రుసుము బాలికలకు 25 సెంట్లు, బాలురకు 50 సెంట్లు. రికార్డులు వేయు పని ఆమె అన్న క్లైవ్ క్యాంప్‌బెల్‌ది. అతనికి అప్పటికి పదునెనిమిదేండ్లు. తరువాత అతడు కూల్ హెర్క్ అను పేరుతో ప్రసిద్ధుడయ్యెను.

ఈ కుటుంబము బ్రాంక్స్‌కు వలస వచ్చినది. హెర్క్ 1955లో జమైకా ద్వీపమునందలి కింగ్‌స్టన్ నగరమున పుట్టి, 1967లో న్యూయార్కు చేరెను. కింగ్‌స్టన్‌లో పెద్ద స్పీకర్లను ఆరుబయట నిలిపి, రికార్డులు వేసి, పేటవారందరు కలిసి ఆడుట వాడుక. హెర్క్ ఆ వాడుకను తనతో తెచ్చుకొనెను. జమైకా పాటలను మొదట వేసి చూచెను గాని, అవి బ్రాంక్స్ యువకులకు రుచింపలేదు. అంతట అతడు పాటలను మార్చెను. పద్ధతిని మాత్రము మార్చలేదు. వారి చెవికి అలవాటైన అమెరికా పాటలనే తన ద్వీపపు తీరున వినిపింపసాగెను.

ఆడువారిని అతడు శ్రద్ధగా గమనించెను. పాటలో గాత్రమును తక్కిన వాద్యములును ఆగి, డోలు మాత్రము మ్రోగుచోట వారి ఉత్సాహము మిక్కుటమగుచుండెను. దానికి 'బ్రేక్' అని పేరు. కాని అది కొన్ని సెకండ్లలోనే ముగియును. అందుచేత అతడు ఒకే పాట రికార్డులను రెండింటిని తెచ్చి, రెండు టర్న్‌టేబుళ్లమీద నుంచెను. ఒకదానిలో బ్రేక్ ముగియగనే రెండవదానిలో దానిని మొదలుపెట్టి, అది మ్రోగునంతలో మొదటి దానిని వెనుకకు త్రిప్పుచుండెను. ఈ విధముగా క్షణకాలపు డోలుమ్రోత కోరినంతసేపు సాగెను. హిప్‌హాప్ అను సంగీతమునకు మూలము ఇదియే.

ఇందులోని లెక్క

1948 నుండి వాడుకలోనికి వచ్చిన లాంగ్‌ప్లే రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. అనగా ఒక్క చుట్టునకు 1.8 సెకండ్లు. పాట నిమిషమునకు 100 దెబ్బల నడకలో నున్నదనుకొందము. ఒక్కొక్క దెబ్బకు 0.6 సెకండు. కావున ఒక చుట్టులో సరిగా 3 దెబ్బలు పడును. మన ఆదితాళపు ఆవర్తమువలె 8 దెబ్బల బ్రేక్‌ను మరల వినిపింపవలెనన్నచో రికార్డును 2⅔ చుట్లు వెనుకకు త్రిప్పవలెను. అందుకు గల వ్యవధి 4.8 సెకండ్లు మాత్రమే.

ఈ పనిని గురి తప్పక చేయుటకు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అను మరియొక యువకుడు రికార్డుమీద రంగుకడ్డీతో గుర్తులు పెట్టెను. గడియారపు ముల్లును చూచినట్లు ఆ గుర్తును చూచి, పాట ఎచ్చట నున్నదో అతడు ఎరుగుచుండెను. గ్రాండ్ విజర్డ్ థియోడోర్ అను బాలుడు ఒకనాడు ఇంటిలో పాట పెద్దగా పెట్టగా తల్లి వచ్చి మందలించెనట. ఆమె మాటలు వినుటకై అతడు రికార్డును చేతితో పట్టి, ముందు వెనుకలకు కదలించుచుండగా ఒక వింత ధ్వని వెడలెను. దానిని సాధనచేసి అతడు 'స్క్రాచ్' అను ప్రక్రియను రూపొందించెను.

నడకలు వేరైన పాటలను కలుపుట మరియొక నేర్పు. ఒక తెలుగు పాట నిమిషమునకు 96 దెబ్బలును, ఒక తమిళపు పాట 100 దెబ్బలును కలవి యనుకొందము. రెండవదాని వేగమును నూటికి 4 పాళ్లు తగ్గించినచో అదియు 96 అగును. అప్పుడు రెండును ఒకే లయలో నడచును. ఒక పాట సభకు వినబడుచుండగానే డీజే రెండవ పాటను హెడ్‌ఫోనులో ఒక చెవితో విని, దెబ్బకు దెబ్బ సరిచూచుకొని, పిమ్మట మెల్లగా దానిని పైకి తెచ్చును. వేగమును సరిపుచ్చుట నేడు కంప్యూటరు కూడ చేయగలదు. కాని ఏ పాట తరువాత ఏ పాట తగునో, ఎదుటివారు అలసినారో, ఉత్సాహముతో నున్నారో కనిపెట్టుట మనుష్యుని పనియే.

వేదికమీద

కళోత్సవమున అరగంట దొరికినదనుకొనుడు. పాటకు మూడు నిమిషముల చొప్పున పది పాటలు చాలును. ఐనను ఇరువది సిద్ధపరచుకొనవలెను. సభ ఎట్లుండునో ముందుగా తెలియదు. మన పట్టణములలో తెలుగువారి ప్రక్కనే కన్నడిగులో, తమిళులో, ఒడియావారో, మరాఠీవారో కూర్చుందురు. అచ్చట మన విద్యార్థి రెండు విధముల పొరపడవచ్చును. తెలుగు పాట వేసినచో నవ్వుదురేమో యని దానిని దాచుట మొదటిది. ఎదుటివారి పాట మనకేల యని త్రోసివేయుట రెండవది. హెర్క్ ఈ రెండింటిని చేయలేదు. పరిచితమైన పాటతో వారిని దగ్గరకు చేర్చుకొని, లయ తప్పకుండ మన డప్పు పాటను దాని వెంట నడపినచో, భాష తెలియనివారి కాలును తాళము వేయును.

చెవి, చట్టము

చెవిలోపలి సన్నని రోమకణములు ధ్వనిని గ్రహించును. అతిధ్వనిచేత నశించినచో అవి మనుష్యులలో మరల పుట్టవు. ధ్వనిని డెసిబెల్‌లలో కొలుతురు. 85 డెసిబెల్‌ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకు ఆ కాలము సగమగుననియు అమెరికాలోని వృత్తి ఆరోగ్యసంస్థ ఒకటి నిర్ణయించినది. ఆ లెక్కను 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. 100 డెసిబెల్‌లకు పావుగంటయే. స్పీకరునకు దూరముగా నిలుచుట, నడుమ నడుమ వెలుపలికి పోయి చెవికి విశ్రాంతి నిచ్చుట అందరు పాటింపదగినవి. చెవిలో గింగురుమను మ్రోత కలిగినచో హాని యారంభమైనదని గుర్తింపవలెను.

మనదేశమున 2000వ సంవత్సరపు ధ్వని కాలుష్య నియమములు కలవు. వాటి ననుసరించి లౌడ్‌స్పీకరునకు అధికారుల వ్రాతమూలకమగు అనుమతి కావలెను. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట దానిని వాడరాదు. కొలది పండుగ దినములలో మాత్రము అర్ధరాత్రి వరకు సడలింపు నిచ్చు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. పసిపాపకును, రోగికిని, పరీక్షకు చదువుకొను తోడి విద్యార్థికిని నిద్రాశాంతులు కావలెనని తలచువాడు ఈ నియమమును భారముగా నెంచడు.

విద్యార్థులారా! చెవితో వినుట, కంటితో ఎదుటివారిని చూచుట, మనస్సుతో లెక్కించుట – ఈ మూడును కూడినదే ఈ విద్య. తల్లిదండ్రులారా! మీ పిల్లవాడు దీనియందు ఆసక్తి చూపినచో వెంటనే కాదనక, 'నిమిషమునకు ఎన్ని దెబ్బలు?' అని యడుగుడు. అతడు సరిగా బదులు చెప్పినచో కాలము వృథా చేయుటలేదని తెలిసికొనుడు.

అభ్యాసము

1. నిమిషమునకు 120 దెబ్బల పాటలో, లాంగ్‌ప్లే రికార్డు ఒక చుట్టు తిరుగుసరికి ఎన్ని దెబ్బలు పడును?
2. నాలుగేసి దెబ్బల పాటను, మూడేసి దెబ్బల పాటను ఒకే వేగమున ఒకేసారి మొదలుపెట్టినచో, ఎన్ని దెబ్బల కొకసారి రెండింటి మొదటి దెబ్బలు కలియును?
3. 94 డెసిబెల్‌ల ధ్వనిని ఎంతసేపు వినవచ్చును?
4. మీ యింట పాడుకొను ఒక తెలుగు పాటను, మీ స్నేహితుని భాషలోని ఒక పాటను తీసికొని, వాటి దెబ్బలను గడియారము చూచి లెక్కింపుడు. రెండింటిని కలుపుటకు దేని వేగమును ఎంత మార్చవలెనో వ్రాయుడు.