మాట ఎవరికి చెందితే వాళ్లకే చెప్పండి

సంఘ పెద్దగా చాలా ఏళ్లు తగవులు తీర్చాను. బోధ విషయంలో వచ్చిన గొడవలు వాటిలో తక్కువ. ఒకరితో చెప్పాల్సిన మాట నలుగురితో చెప్పి, ఆ ఒక్కరితో మాత్రం చెప్పకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. కొత్తగా పెద్దల బాధ్యత తీసుకుంటున్న పిల్లల కోసం, నేను నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

1. ప్రార్థన మనవి పేరుతో ఇంటి గుట్టు బయటపెట్టకండి.
"ఫలానా వాళ్ల అబ్బాయి కోసం ప్రార్థన చేయండమ్మా, తాగుడు మరిగాడట" అని ఉపవాస కూటంలో ఒకరంటారు. ఆమేన్ అనేలోపే ఆ కబురు వీధి దాటుతుంది. ఆ తల్లిని అడిగి చెప్పారా? "కష్టంలో ఉన్న ఒక కుటుంబం కోసం" అంటే చాలు. ఆ పిల్లవాడు ఎవరో దేవునికి తెలుసు. సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టే మనవులకూ ఇదే పద్ధతి.

2. ఒక పక్కే విని తీర్పు చెప్పకండి.
దావీదు తిరుగుబాటు చేసిన కొడుకు అబ్షాలోముకు భయపడి యెరూషలేము విడిచి పోతున్నప్పుడు సీబా ఎదురొచ్చాడు. గాడిదల మీద రొట్టెలు, ఎండు ద్రాక్షలు తెచ్చి, తన యజమాని మెఫీబోషెతు రాజ్యం మీద ఆశతో ఊళ్లోనే ఉండిపోయాడని చెప్పాడు. రాజు అక్కడికక్కడే మెఫీబోషెతు ఆస్తంతా సీబాకు రాసిచ్చేశాడు. తిరిగొచ్చాక చూస్తే, కుంటివాడైన మెఫీబోషెతు రాజు వెళ్లిన నాటి నుంచి గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. దావీదు భూమిని చెరిసగం చేయగలిగాడు గానీ అన్న మాటను పూర్తిగా వెనక్కి తీసుకోలేకపోయాడు. చేతిలో కానుకతో, నోట్లో ఫిర్యాదుతో వచ్చిన మనిషిని కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి. తీర్పు మాత్రం ఆ రోజు ఇవ్వకండి.

3. అనుమానం వస్తే వెళ్లి అడగండి.
యెహోషువ గ్రంథం 22వ అధ్యాయాన్ని ప్రతి సంఘ పెద్దా చదవాలి. రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువాళ్లు యొర్దాను దగ్గర పెద్ద బలిపీఠం కట్టారని తెలిసి, మిగతా గోత్రాలు యుద్ధానికి షిలోహులో కూడాయి. అయితే కత్తి దూయక ముందు యాజకుడైన ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపారు. వాళ్లు అడగాల్సింది ముఖాముఖిగా, గట్టిగానే అడిగారు. అది బలులకు కాదని, నది అవతల ఉన్న తమ పిల్లలను రేపు ఎవరూ పరాయివాళ్లని తోసేయకుండా సాక్ష్యంగా కట్టామని బలిపీఠం కట్టినవాళ్లు చెప్పారు. వచ్చినవాళ్లు సంతోషించి వెనక్కి వెళ్లారు. యుద్ధమే ఆగిపోయింది.

మన దగ్గర క్రిస్మస్ కానుకల లెక్క మీదో, పాటల బృందంలో ఎవరికి మైకు ఇచ్చారన్న దాని మీదో అనుమానం పుడుతుంది. కోశాధికారి ఇంటికి వెళ్లి రసీదు పుస్తకం చూపించమంటే అరగంటలో తేలే సంగతి, ఆర్నెల్లు గుడి మెట్ల మీద నలుగుతుంది. యేసు ప్రభువు మత్తయి 18లో చెప్పిన వరుస కూడా ఇదే. ముందు ఒంటరిగా వెళ్లాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి తెలపాలి. మనం ఈ వరుసను తలకిందులు చేస్తున్నాం.

4. వేళ చూసి మాట్లాడండి.
తన భర్త నాబాలు అవమానించాడన్న కోపంతో నాలుగు వందల మందితో కత్తులు కట్టుకుని వస్తున్న దావీదును ఆపడానికి అబీగయీలు క్షణం ఆలస్యం చేయలేదు. ఇంటికొచ్చాక నాబాలు తాగి మత్తులో ఉంటే తెల్లారేదాకా ఒక్క మాటా చెప్పలేదు. మాట ఎంత నిజమైనా, వినే స్థితిలో లేని మనిషికి చెప్తే వృథా. ఇంట్లో భార్యాభర్తలకు ఇది మరీ అవసరం.

5. చావింట్లో కారణాలు చెప్పకండి.
యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతని పక్కన మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాక అతని పాపాలు వెతికారు, చివరికి దేవుని కోపానికి గురయ్యారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో "దేవుని చిత్తం అమ్మా" అనడం మనకు అలవాటైపోయింది. ఆ మాట ఆమె నోట వస్తే అది విశ్వాసం. మన నోట వస్తే ఆమె ఏడుపును ఆపేయడమే అవుతుంది. భూస్థాపన పనులు చూడండి, వంట చేసి తీసుకెళ్లండి, ఆదరణ కూడికలో వాక్యం క్లుప్తంగా చెప్పండి.

6. నలుగురూ కాదన్నవాళ్ల పక్షాన మాట్లాడండి.
ఒకప్పుడు సంఘాన్ని హింసించి, తర్వాత మారుమనస్సు పొందిన సౌలు యెరూషలేముకు వస్తే శిష్యులు భయపడ్డారు. బర్నబా అతన్ని చేరదీసి, అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్లి, జరిగింది వివరించాడు. పడి లేచినవాళ్లు మన సంఘాల్లో వెనక బెంచీలో కూర్చుని ఎదురుచూసేది ఇలాంటి ఒక్క మనిషి కోసమే.

7. సంఘం పరువు కోసం అన్యాయాన్ని దాచకండి.
నాతాను ప్రవక్త దావీదు రాజు తప్పును రాజు ముఖం మీదే చెప్పాడు. దెబ్బలు తింటున్న భార్యను "ఒంటరిగా వెళ్లి మాట్లాడుకో తల్లీ" అని పంపకండి. మత్తయి 18ని అలా వాడటం ఆమెను మళ్లీ ఆ చేతికే అప్పగించడం. అలాంటి చోట మాట పోలీసులకు చెందుతుంది. ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098 సహాయ నంబర్లున్నాయి. గుడి గోడ మీద రాయించండి.

8. క్షమాపణ కూడా గాయపడినవాళ్లకే చెందుతుంది.
పదిమందిలో అవమానించి, మోకాళ్ల మీద దేవుణ్ణి మాత్రమే క్షమాపణ అడిగితే సగం పనే. కానుకను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సహోదరునితో సమాధానపడమన్నాడు ప్రభువు. పదిమందిలో అన్న మాటకు ఆ పదిమందిలోనే క్షమాపణ అడగండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, దేవుణ్ణి స్తుతించే నోటితోనే ఆయన పోలికలో పుట్టిన మనిషిని శపిస్తున్నామని యాకోబు తన పత్రికలో బాధపడ్డాడు. మనం ఎవరి గురించి మాట్లాడినా, ఆ మనిషిని చేసినవాడు వింటున్నాడు. ప్రభువు బల్ల ఉన్న ఆదివారానికి ముందు శనివారం సాయంత్రం ఖాళీగా ఉంచుకోండి. ఎవరితో చెప్పాల్సిన మాట మీ దగ్గర ఉండిపోయిందో ఆలోచించి, వాళ్లింటికి వెళ్లి చెప్పండి.