వేడెక్కితే ఆగిపోయే బండి



మా ఊరికి బస్సు రాదు. సంతకి పోవాలన్నా, ఒంట్లో బాగోకపోయినా మా మామ బండే దిక్కు. బండి అంటే మోటారు సైకిలు. పోయిన ఎండాకాలం ఆ బండికి ఒక జబ్బు చేసింది. పొద్దున్నే ఒక్క కిక్కుకి స్టార్ట్ అవుతుంది. వాగు దాటి ఘాటీ ఎక్కేటప్పుడు టప్ టప్ మని మిస్ కొట్టి ఆగిపోతుంది. అరగంట చెట్టు కింద పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది.

మామ రెండుసార్లు షెడ్డుకి తీసుకుపోయాడు. మొదటిసారి కార్బురేటర్ విప్పి కడిగారు. రెండోసారి కొత్త ప్లగ్గు వేశారు. షెడ్డు ముందర బండి బాగానే ఆడింది. డబ్బులు ఇచ్చి వచ్చేశాడు. రెండుసార్లూ ఇంటికి వచ్చే దారిలోనే ఆగింది. మే నెలలో ఒక రాత్రి అత్త చంటిపాపకి జ్వరం ఎక్కువై ఆసుపత్రికి పోతుంటే మూడో మలుపులో ఆగిపోయింది. అత్త పాపని ఎత్తుకొని చీకట్లో నడిచింది. మామ వెనకాల బండి తోసుకుంటూ పోయాడు. పాపకి తగ్గింది, ఇప్పుడు పాకుతుంది కూడా. కానీ ఆ జబ్బు ఏమిటో తెలుసుకోవాలని నాకు పట్టుదల వచ్చింది.

మూడోసారి ఒక ముసలి మేస్త్రి దగ్గరికి పోయాము. ఆయన బండి విప్పనే లేదు. “జ్వరం కాసినప్పుడు కదా ఒళ్ళు చూడాలి, చల్లారినాక తెస్తే నాకేం తెలుస్తాది?” అన్నాడు. తన బండి తీసుకొని మా వెనకాల ఘాటీకి వచ్చాడు. మా బండి ఆగేదాకా ఆగి, అక్కడే రోడ్డు పక్కన చూశాడు. నేను తాతా తాతా అని ప్రతిదీ అడిగాను. ఆడపిల్లవి నీకెందుకు అనలేదు, అన్నీ చెప్పాడు.

మొదట పెట్రోలు ట్యాంకు మూత తీసి చెవి పెట్టి విన్నాడు. మూతకి గాలి పోయే చిన్న దారి ఉంటుంది. అందులో మట్టి పడితే, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులోకి గాలి రాక పెట్రోలు దిగడం ఆగిపోతుంది. అలాంటప్పుడు మూత తీస్తే సుయ్ మని శబ్దం వస్తుంది, బండి కాసేపట్లోనే స్టార్ట్ అవుతుంది. ఇది విని నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే అది వేడి వల్ల వచ్చే జబ్బు కాదు, కొంతసేపు నడవడం వల్ల వచ్చేది. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. మా బండికి శబ్దం రాలేదు.

తర్వాత కిక్ మెల్లగా తొక్కి చూశాడు. కాలికి గట్టిగా తగిలింది. తేలిగ్గా దిగిపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదేమో అని అనుమానించాలట. వేడికి లోహం సాగుతుంది అని మనం సైన్సులో చదివాము కదా. వాల్వు కూడా సాగుతుంది. అందుకే టాపెట్ దగ్గర మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ సందు వదులుతారు. ఆ సందు లేకపోతే వేడెక్కినాక వాల్వు మూసుకోదు. ఈ సందును మాత్రం ఇంజను చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

చోక్ కూడా చూశాడు, తెరిచే ఉంది. చోక్ వేసి మర్చిపోతే చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కినాక నల్ల పొగ వదులుతుంది, ప్లగ్గు మసి పడుతుంది. మా ప్లగ్గు ఇటుక రంగులో ఉంది. అది మంచి రంగు.

ఇక మిగిలింది కరెంటు. ట్యాంకు మూత గట్టిగా పెట్టేశాడు. ప్లగ్గుని దాని క్యాపులో పెట్టి, ప్లగ్గు ఇనుము ఇంజనుకి తగిలేట్టు, ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఉంచి, మామని కిక్ కొట్టమన్నాడు. నేను చున్నీ అడ్డం పట్టి నీడ చేశాను. నిప్పురవ్వ నీలంగా, టక్ టక్ మంటూ రావాలి. మాది సన్నగా, ఎర్రగా వచ్చింది, ఒక్కోసారి అసలు రాలేదు. అప్పుడు ట్యాంకు కిందున్న ఇగ్నిషన్ కాయిల్ మీద తడిగుడ్డ పిండి చుట్టాడు. కొంచెంసేపు ఆగి చూస్తే నీలం రవ్వ! ఇంజను ఇంకా చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంది, చల్లబడింది కాయిల్ ఒక్కటే.

అయినా తాత ఒప్పుకోలేదు. ఇంకోసారి చూడాలి అన్నాడు. తన బండి కూడా అదే రకం. దాని కాయిల్ విప్పి మాకు బిగించి, మామని కొండ ఎక్కి రమ్మన్నాడు. మామ ఎక్కడా ఆగకుండా పోయి వచ్చాడు. మా కాయిల్ పెట్టుకున్న తాత బండి మాత్రం దిగేటప్పుడు మధ్యలో ఆగిపోయింది. ముగ్గురం నవ్వాము.

కాయిల్ లోపల సన్నని రాగి తీగ వేల చుట్లు ఉంటుంది. బ్యాటరీ ఇచ్చే కొంచెం కరెంటును అది పదివేల వోల్టుల పైకి పెంచుతుంది. తీగ మీద పూత ఉంటుంది. పూత ఎక్కడైనా చిట్లితే చల్లగా ఉన్నంతసేపు సర్దుకుపోతుంది. వేడికి ఆ చిట్లు తెరుచుకొని కరెంటు లోపలే కారిపోతుంది, ప్లగ్గు దాకా రాదు. షెడ్డుకి పోయేసరికి బండి చల్లారుతుంది, చిట్లు మూసుకుంటుంది. అందుకే షెడ్డులో రెండుసార్లూ దొరకలేదు. వాళ్ళు మోసం చేశారని మామ అంటాడు. నేను అనుకోను. వాళ్ళు చల్లారిన బండిని చూశారు, అంతే.

ఇది కార్బురేటర్ ఉన్న పాత బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లు చాలావాటికి కార్బురేటర్ బదులు ఇంజెక్షన్ ఉంది. వాటికి వేరే పరికరాలు కావాలి. ఇంకో మాట. వేడి ఇంజను మీద నీళ్ళు పోయకండి, లోహం పగలొచ్చు. రవ్వ చూసేటప్పుడు ప్లగ్గు లోహాన్ని చేత్తో పట్టుకోకండి, గట్టిగా కొడుతుంది. దగ్గర్లో పెట్రోలు ఒలికి ఉంటే రవ్వ చూడనే కూడదు.

పాడైన కాయిల్ తాత నాకే ఇచ్చేశాడు. సైన్సు మాస్టారు గారి టేబుల్ మీద పెట్టాను. ఆదివారం దాన్ని కోసి తీగ చూపిస్తానన్నారు. చూడాలనుకునేవాళ్ళు టిఫిన్ అయ్యాక రండి.

— 9వ తరగతి విద్యార్థిని