సుపీరియర్ సరస్సులోని దీపస్తంభములు

అమెరికా సంయుక్త రాష్ట్రములకును కెనడాకును నడుమ ఐదు మహా సరస్సులు కలవు. వానిలో పెద్దది సుపీరియర్. దీని వైశాల్యము సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణ రాష్ట్ర విస్తీర్ణములో దాదాపు నాలుగింట మూడు వంతులు. మిక్కిలి లోతైన చోట 406 మీటర్లు. భూమి ఉపరితలమున నున్న మంచినీటిలో పదింట ఒక వంతు ఈ ఒక్క సరస్సులోనే నిలిచియున్నదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. పేరునకు సరస్సే గాని, గాలి లేచినపుడు ఓడలను ముంచుటలో సముద్రమునకు తీసిపోదు.

ఈ సరస్సు దక్షిణ తీరమున, విస్కాన్సిన్ రాష్ట్రములోని బేఫీల్డ్ అను చిన్న పట్టణమునకు ఎదురుగా 22 దీవులు చెదరియున్నవి. వీనిని అపోజిల్ దీవులందురు. ఈ పేరు ఫ్రెంచివారి నాటి నుండి వచ్చినది. క్రీస్తు శిష్యులు పన్నెండుగురే గదా, దీవులు ఇరువది రెండేమి అని అడిగిన సమాధానము లేదు. పేరు పెట్టినవారు లెక్కను పట్టించుకొనినట్లు తోచదు. ఫ్రెంచివారికి పూర్వమే ఇది ఒజిబ్వే జాతివారి నివాసభూమి. దీవులలో పెద్దదియగు మాడెలిన్ వారికి పవిత్రస్థలము.

ఈ ప్రాంతమును కాపాడుటకు 1970 సెప్టెంబరు 26న శాసనము చేయబడినది. ఇందుకు పాటుపడినవాడు విస్కాన్సిన్ సెనేటరు గేలార్డ్ నెల్సన్. అదే సంవత్సరము ఏప్రిల్ 22న మొదటి ధరిత్రీ దినమును నడిపించినవాడును ఈయనయే. 1963 సెప్టెంబరులో ఈయన అధ్యక్షుడు కెనడీని వెంటబెట్టుకొని వచ్చి ఈ దీవులను ఆకాశము నుండి చూపించెను. శాసనములో మొదట ఇరువది దీవులును, ప్రధాన భూభాగముపై సుమారు 12 మైళ్ళ తీరమును చేరినవి. లాంగ్ ఐలండ్ 1986లో చేరినది. జనులు స్థిరముగా కాపురముండు మాడెలిన్‌ను విడిచిపెట్టిరి.

ఇక్కడ ఒక సంగతి మన విద్యార్థులు గమనింపదగియున్నది. మొదటి ప్రణాళికలో ఒజిబ్వేల రెడ్ క్లిఫ్, బాడ్ రివర్ రిజర్వేషన్లలోని భూములు కూడ కలిసియుండెను. ఆ జాతివారు అభ్యంతరము తెలిపిరి. ఒకనాడు దేశమంతయు తమదై, తుదకు మిగిలిన కొద్దిపాటి నేల కూడ ప్రకృతి పేరిట పోవునేమోయని వారి భయము. ఆ భయము నిర్హేతుకమని మేము అనజాలము. తుది శాసనములో ఆ భూములు చేరలేదు. కొల్లేటి చెరువును 1999లో అభయారణ్యముగా ప్రకటించిన పిమ్మట చేపల చెరువుల విషయమున మన యొద్ద నడచిన వివాదమును ఎరిగినవారికి, నీటిని కాపాడుటకును నీటిపై బ్రతుకువారిని కాపాడుటకును నడుమగల చిక్కు క్రొత్త గాదు.

ఇక దీపస్తంభముల మాట. 1855లో సూ సెయింట్ మేరీ వద్ద ఓడలు దాటు కాలువ తెరువబడగా, ఇనుప ఖనిజము, ధాన్యము, కలప నింపుకొన్న నౌకలు ఈ సరస్సులోనికి విరివిగా రాసాగినవి. దీవుల నడుమ రాత్రివేళ త్రోవ చూపుట అవసరమైనది. మొదటిది 1857లో మిచిగన్ దీవిపై లేచినది. వింతయేమనగా, అధికారులు కోరినది లాంగ్ ఐలండ్‌పై. కట్టినది ఈ దీవిపై! మరుసటి సంవత్సరము లాంగ్ ఐలండ్‌పై కొయ్యతో మరియొకటి కట్టవలసివచ్చెను. పాపము, మిచిగన్ దీపమును ఆర్పివేసి 1869లో గాని మరల వెలిగింపలేదు. తరువాత రాస్ప్‌బెరీ దీవిపై 1863లో, ఔటర్‌పై 1874లో, శాండ్‌పై 1881లో, డెవిల్స్ దీవిపై 1891లో దీపములు వెలిగినవి.

ఈ దీపములు దూరమునకు కనబడుటకు కారణము ఫ్రెనెల్ కటకము. సామాన్య దీపపు వెలుగు నలుదిక్కులకును చెదరిపోవును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్, వలయములు వలయములుగా గాజు పట్టకములను పేర్చి, ఆ చెదరు కిరణములను వంచి ఒకే దిక్కునకు నడిపించు ఉపాయమును 1820ల ఆరంభమున కనిపెట్టెను. ఒక్క నూనె వత్తి వెలుగు కూడ మైళ్ళ కొలది పోగలిగినది. మన చార్మినార్‌లోని ‘మినార్’ అను మాట వెలుగుచోటు అను అర్థముగల అరబ్బీ ‘మనారా’ నుండి వచ్చినదే. దీపస్తంభమునకును అరబ్బీలో అదే మాట.

కాపరి జీవితము కఠినము. రాత్రంతయు దీపమును కనిపెట్టవలెను. పగలు కటకమును తుడువవలెను. శీతకాలమున సరస్సు గడ్డకట్టి ఓడలు ఆగిన పిమ్మటనే సెలవు. 1905 సెప్టెంబరు 2న గొప్ప తుపానులో సెవోనా అను ఓడ శాండ్ దీవి సమీపమున మెరకకు తగిలి రెండుగా విరిగినది. కొందరు పడవలలో ఒడ్డు చేరిరి. ముందుభాగమున చిక్కుకొన్న కెప్టెనును మరి ఆరుగురును తెప్ప కట్టుకొని బయలుదేరి అలలలో మడిసిరి. దీపపు కాపరి ఇమ్మాన్యుయెల్ లూయిక్ గోపురము నుండి దీనిని కన్నులార చూచెను. ఆ అలలలోనికి పడవ దింపుట అతనికి సాధ్యము గాదు. ఆ శాండ్ దీపమే 1921లో స్వయంచాలకమై కాపరి అవసరము లేకపోయెను. కాపరులు కడపట విడిచినది డెవిల్స్ దీవి, 1978లో.

తీరపు కొండచరియలు ఇసుకరాతివి. అలలు తొలిచి, చీలికలలో చేరిన నీరు గడ్డకట్టి రాతిని పగులగొట్టి, గుహలను మలచినవి. ఇదే రాతిని పందొమ్మిదవ శతాబ్దమున బాస్‌వుడ్, హెర్మిట్, స్టాక్టన్ దీవులలో గనులు త్రవ్వి నగరముల భవనములకు పంపిరి. అడవులను నరికిరి. నేడు చూచు అడవిలో చాల భాగము ఆ నరికివేత తరువాత మరల మొలిచినది. నేలలో నూటికి ఎనుబది వంతులు 2004లో నెల్సన్ పేరిట వన్యప్రదేశముగా ప్రకటింపబడినది. శీతకాలమున సరస్సు గట్టిగా గడ్డకట్టినపుడు గుహల వద్దకు మంచుపై నడచిపోవచ్చును. 2014లో లక్షకు పైగా జనులు అట్లు పోయిరి. అయితే మంచు అంత గట్టిపడని సంవత్సరములే ఇటీవల ఎక్కువ.

దీవులకు వంతెన లేదు. వేసవిలో బేఫీల్డ్ నుండి పడవలు పోవును. రాత్రి బస చేయుటకు అనుమతి పత్రము కావలెను. చిన్న పడవలను స్వయముగా నడుపువారు ఎండ కాయుచున్నదని నీటిని నమ్మరాదు. మే, జూన్ నెలలలో కూడ ఆ నీరు నిమిషములలో కాలుసేతులను కొయ్యబార్చును. అందువలన చలిని ఆపు దుస్తులు ధరించి, గాలి వార్తను విని గాని ఎవరును బయలుదేరరాదని అక్కడి అధికారులు హెచ్చరింతురు.