రంగు కలిసింది, గరుకు కలవలేదు

సెకండియర్ ఫీజు కోసం మా నాన్న కారు అమ్మకానికి పెట్టారు. ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తానన్నారు. సరిగ్గా దానికి వారం ముందు, శామీర్‌పేట చెరువు దగ్గర బండి తిప్పుతూ నేను రాయికి గీకించాను. ఎడమవైపు తలుపుల కింద జానెడు మేర సొట్ట పడి, రంగు లేచిపోయింది. కొనేవాళ్లు "యాక్సిడెంట్ బండి" అనుకుంటే రేటు పడిపోతుంది.

దగ్గర్లోని ఒక షెడ్డులో డెంటింగ్, పెయింటింగ్ చేయించాం. కలర్ కోడ్ చూసే కలిపారు, రంగు తేడా లేదు. కానీ సాయంత్రం ఎండలో ఆ జానెడు ముక్క అద్దంలా మెరిసింది. పక్కనున్నదంతా గరుకుగా ఉంది, ఇదొక్కటే నున్నగా ఉంది. నాన్న పది అడుగుల దూరం నుంచే కనిపెట్టారు.

కరీంనగర్ రోడ్డు మీద ఇంకో షెడ్డుకు తీసుకెళ్తే అక్కడి ఉస్తాద్ చేత్తో తడిమి, "రంగు డబ్బాల దొరుకుతది బాబూ, గరుకు చేతిల ఉంటది" అన్నాడు. రెండు రోజులు అక్కడే నిలబడి నేర్చుకున్నది ఇది.

అసలు గరుకు ఎందుకు?

తలుపుల కింది భాగాన్ని షెడ్డుల్లో రన్నింగ్ బోర్డ్ అంటారు. టైర్లు ఎగరేసే కంకర దానికే తగులుతుంది. అందుకే చాలా కార్లకు అక్కడ రంగు కింద స్టోన్ గార్డ్ అనే మందపాటి, కొంచెం సాగే కోటింగ్ వేస్తారు. ఆ చుక్కలే మనకు గరుకుగా తగులుతాయి. బ్లెండర్ వాడినవాళ్లకు ఇది ఈజీగా అర్థమవుతుంది. బేస్ కలర్ అలాగే ఉంచి రఫ్‌నెస్, బంప్ మారిస్తే వస్తువే మారినట్టుంటుంది. కన్ను రంగుతో పాటు వెలుగు చెదిరే తీరు కూడా చూస్తుంది.

పని వరుస

1. సొట్ట లాగి, తుప్పు గీకి, ప్రైమర్ మీద పుట్టీ పలచగా పెట్టాలి. 80 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి 180, 320 దాకా రుద్దాలి. పాత గరుకు అంచు గోడలా నిలబడకుండా మెల్లగా దిగిపోవాలి. ఈ అంచు సరిగ్గా లేకపోతే తర్వాత ఏం చేసినా గీత కనిపిస్తుంది. తర్వాత మళ్లీ ప్రైమర్.

2. స్టోన్ గార్డ్ నేరుగా బండి మీద కొట్టకూడదు. ముందు పాత రేకు ముక్క మీద ట్రయల్ చూడాలి. గాలి ప్రెషర్ పెంచితే చుక్కలు సన్నబడతాయి, తగ్గిస్తే లావవుతాయి. గన్ బాగా దూరం పెడితే చుక్క గాలిలోనే సగం ఆరి, పొడిగా పడుతుంది. మధ్యాహ్నం ఎండలోనూ అంతే. ఉస్తాద్ ఉదయం పూట, నాలుగు రేకులు పాడుచేశాక ఐదోదాన్ని బండి పక్కన పెట్టి "ఇగో, ఇది" అన్నాడు. మనం టెస్ట్ కేసులు రన్ చేయకుండా సబ్మిట్ కొడతాం కదా, నాకు సిగ్గేసింది.

3. ఒకేసారి మందంగా వద్దు. పలచగా రెండు మూడు సార్లు కొట్టి, చివర్లో పాత గరుకు మీదికి కొంచెం పోనిచ్చి వదిలేయాలి. ప్రైమర్ గట్టిపడి ఉంటే, తప్పు పడిన కోటింగ్‌ను తడి ఆరకముందే తుడిచేసి మళ్లీ కొట్టొచ్చు. ఆరాక అయితే మొదటికే వస్తాం.

4. పూర్తిగా ఆరాక పేపర్‌తో రుద్దితే చుక్కల తలలు తెగుతాయి. స్కాచ్‌బ్రైట్‌తో తేలిగ్గా తుడిస్తే చాలు. రంగు, దాని మీద క్లియర్ కూడా పలచగానే వేయాలి. మందమైతే చుక్కల మధ్య గుంటలు పూడి మళ్లీ నున్నగా అవుతుంది. మా మొదటి షెడ్డులో అసలు స్టోన్ గార్డే వేయలేదు.

పై తలుపులు, బానెట్ కూడా కంపెనీ నుంచి అద్దంలా రావు. సన్నగా నారింజ తొక్కలాంటి అలలు ఉంటాయి. అక్కడ రిపేర్ చేస్తే 2000 పేపర్, పాలిష్‌తో అతిగా నున్న చేయొద్దు, పక్క తలుపును చూసి ఆపేయాలి.

ఒక హెచ్చరిక: క్లియర్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి వల్ల ఆస్తమా రావచ్చు. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. యూట్యూబ్ చూసి హాస్టల్ వెనక ట్రై చేయకండి.

చివరికి చెక్ చేసింది ఫోన్ టార్చ్‌తో. వెలుగు పక్కనుంచి వాలుగా వేస్తే తేడా ఉంటే దాగదు. మాకు దొరకలేదు.

ఆదివారం వచ్చినాయన అక్కడే చెయ్యి పెట్టి రాసి చూశారు, ఏమీ అనలేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపు నాన్నే, "అక్కడ మావాడు గీకించాడండీ, బాగు చేయించాం" అన్నారు. ఆయన మళ్లీ వంగి చూసి, రెండు వేలు తగ్గించి అడిగారు. నాన్న ఒప్పుకున్నారు. లోపలికి వెళ్లాక "చెప్పకపోతే తెలిసేదే కాదుగా" అన్నాను. "తెలియకుండా చేయడం ఉస్తాద్ పని, చెప్పడం మన పని" అన్నారు.

ఆ రెండు వేలు నేను సెలవుల్లో తీర్చాలి.