ఈ-మెయిలు సర్వరు మెమొరీని ఏల నింపుకొనును?

ఈ-మెయిలు నేడు పాఠశాలలకును కార్యాలయములకును నిత్యావసరమైనది. ఆ యుత్తరములను పుచ్చుకొని, భద్రపరచి, కోరినవారికి అందించు యంత్రమునకు సర్వరని పేరు. ఇట్టి సర్వరులందు నడచు మైక్రోసాఫ్టు ఎక్స్ఛేంజి అను సాఫ్టువేరును గూర్చి ఒక సందేహము తరచుగా కలుగుచుండును. యంత్రములోని మెమొరీలో మిక్కిలి భాగమును ఆ ప్రోగ్రామే ఆక్రమించియుండుట చూచి, ఇది యొక రోగమేమో యని క్రొత్తవారు భయపడుదురు. దీని కారణమును మనము విచారింతము.

కంప్యూటరునందు రెండు విధములైన నిలువచోట్లు గలవు. డిస్కు పెద్దది, విద్యుత్తు పోయినను అందు వ్రాసినది చెరగదు, కాని మందగతి గలది. మెమొరీ చిన్నది, మిక్కిలి వేగము గలది. కాని విద్యుత్తు పోయినతోడనే అందలి దంతయు మాసిపోవును. గ్రంథాలయాధికారి పాఠకులు మాటిమాటికి అడుగు పుస్తకములను బీరువాలో పెట్టక తన బల్లమీదనే ఉంచుకొనును గదా! అట్లే సర్వరు తరచుగా కావలసిన పుటలను మెమొరీయందు ఉంచుకొనును. దీనినే క్యాషె యందురు. ఖాళీగానున్న బల్ల యెవరికిని ఉపకరింపదు. కావున 1997లో వెలువడిన 5.5వ కూర్పునందు, ఖాళీయున్న మేరకు మెమొరీని తీసికొనుటయు, ఇతర ప్రోగ్రాములకు అవసరము కలిగినపుడు కొంత విడిచిపెట్టుటయు ఏర్పాటు చేయబడినది.

అయితే ఈ బల్లకు ఒకప్పుడు హద్దుండెను. 2003 కూర్పు 32 బిట్లది. అట్టి ప్రోగ్రామునకు సాధారణముగా 2 గిగాబైట్ల చోటే దక్కును. యంత్రమున అంతకంటె ఎంతయో అధికముగా మెమొరీ అమర్చినను క్యాషెకు లాభము స్వల్పమే. 2007 కూర్పు 64 బిట్లదగుటచే ఆ హద్దు తొలగెను, క్యాషె పెరిగెను, డిస్కును చదువవలసిన పర్యాయములు తగ్గెను.

మెమొరీ మాసిపోవునదైనచో, కరెంటు పోయినపుడు ఉత్తరముల గతి యేమి? జరిగిన మార్పును సర్వరు మొదట డిస్కుమీది లాగ్ ఫైలులో వ్రాసి, పిమ్మట డేటాబేసులో చేర్చును. యంత్రము మరల నడచునపుడు ఆ లాగును చదివి మిగిలిన పనిని పూర్తిచేయును. కావున వేగమునకు మెమొరీయు, భద్రతకు డిస్కును ఆధారములు.

మెమొరీ నిండినదని సర్వరును ఆపి మరల నడిపినచో, పోగైన క్యాషె వృథాయై, కొంతసేపు పని మందగించును. కాబట్టి మేము విద్యార్థులకు చెప్పునది యేమనగా: నిండియుండుట తనంత తాను దోషము కాదు. ఉత్తరములు ఆలస్యమగుచున్నవా, డిస్కు విశ్రాంతిలేక పనిచేయుచున్నదా, ఇతర ప్రోగ్రాములు చోటు చాలక తొట్రుపడుచున్నవా యని ముందు పరీక్షింపవలెను. ఆ లక్షణములు కనబడినపుడే చికిత్స చేయవలయును.