గాజు గోళీల వయస్సును గుర్తించుట

ప్రశ్న: మా యింటి పాత పెట్టెలో గాజు గోళీలు దొరికినవి. వాని ప్రాచీనత నెట్లు నిర్ణయింపవచ్చును? — ఒక పాఠకుడు, అమ్రాబాద్

జవాబు: మొదట భూతద్దముతో గోళీ యొక్క రెండు కొనలను పరీక్షింపుడు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమునుండి జర్మనీలోని లౌషా పట్టణ ప్రాంతమున గాజుకడ్డీని వేడిమీద కత్తిరించి చేతితో రూపొందించిన గోళీలకు, కడ్డీనుండి వేరుచేసిన రెండు కొనలందును గరుకైన మచ్చలుండును. అమెరికాలోని ఆక్రన్ నగరవాసియైన క్రిస్టెన్సెన్ 1905లో పేటెంటు పొందిన యంత్రము వంటివి వ్యాపించిన పిమ్మట తయారైనవానికి అట్టి జంట మచ్చలు సాధారణముగా నుండవు. చారలు లేని యేకవర్ణపు గోళీ యైనచో, అది 1872లో హైరం కాడ్ పేటెంటు పొందిన తరహా గోళీసోడాబుడ్డిలోనిది కావచ్చును; అయితే అట్టి బుడ్లు ఇటీవలను తయారగుచున్నవి కావున, అది ప్రాచీనతకు ప్రమాణము కాజాలదు. పెచ్చులూడినవానిని సానపట్టింపక, ఒకదానికొకటి తగులకుండ దూదిలో భద్రపఱుపుడు.