కపాల, ముఖ శస్త్రచికిత్సలో కంప్యూటరు

మెదడు వాచి ప్రాణాపాయం కలిగినప్పుడు, ఒత్తిడి తగ్గించుటకై వైద్యులు కపాలంలో ఒక పలకను కోసి తీస్తారు. వాపు తగ్గాక దానిని తిరిగి అమర్చాలి. కాని చీము పట్టుట వంటి కారణాలచే ఒక్కొక్కప్పుడు ఆ పలక పనికిరాకుండా పోతుంది. అప్పుడు తల ఒక ప్రక్క గుంటపడి, చర్మం క్రింద మెదడుకు రక్షణ కరువవుతుంది. ప్రాణం దక్కినవాడు తన రూపం కూడా దక్కాలని కోరుట దురాశ కాదని మా అభిప్రాయం.

ఈ లోటు పూడ్చుటకు వైద్యులు చిరకాలంగా ఆక్రిలిక్ ముద్దను శస్త్రచికిత్స సమయంలోనే కలిపి, గట్టిపడేలోగా చేతితో తీర్చుతూ వచ్చారు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది. ఎంత చేయి తిరిగినవారికైనా నుదుటి వంపును నిమిషాలలో తీర్చుట కష్టమే.

1971లో లండనులోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన సి.టి. యంత్రం తొలిసారి రోగి మెదడును పొరగా కోసినట్లు చూపింది. కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి పొందారు. నేటి యంత్రాలు మిల్లీమీటరుకు లోపు మందంగల పొరలను కూడా తీయగలవు. వాటిని కంప్యూటరు ఒకదానిపై నొకటి పేర్చి కపాలాన్ని తెరపై నిలుపుతుంది. కుడివైపు ఎముక పోయినచో, ఎడమవైపు ఎముకను అద్దంలోని ప్రతిబింబం వలె త్రిప్పి ఆ ఖాళీలో ఉంచుతారు. ఆ ఆకారాన్నే టైటానియంతోనో, పీక్ అనే దృఢమైన ప్లాస్టిక్‌తోనో ముందుగా తయారు చేయిస్తారు. తెలుగు బోధించే మాకు దీనికి 'మాసిక' అన్న మాటే తోచింది; అయితే ఇది కొలత తీసి వేసిన మాసిక.

ఇందులో ఒక చిక్కున్నది. ఏ ముఖమూ రెండు ప్రక్కలా సరిసమానం కాదు. దెబ్బ ముఖమధ్యంలో తగిలితే అరువు తెచ్చుకొనుటకు బాగున్న సగమే ఉండదు. అక్కడ నిర్ణయం వైద్యునిదే.

దవడ సంగతి మరింత క్లిష్టం. పొగాకు, గుట్కాల వాడుక విరివిగా ఉన్న మన దేశంలో నోటి కాన్సరు అరుదైన వ్యాధి కాదు. రోగగ్రస్తమైన దవడ ఎముకను తొలగించాక, కాలి పిక్కలోని సన్నని ఎముకను దాని రక్తనాళాలతో సహా తెచ్చి అతుకుతారు. ఈ పద్ధతిని 1989లో హిడాల్గో ప్రకటించారు. ఆ ఎముక తిన్ననిది, దవడ వంకరది. ఎక్కడ, ఏ కోణంలో కోస్తే వంపు కుదురుతుందో కంప్యూటరు ముందే లెక్కకట్టగా, రంపం నడిచే దారిని చూపే మూసలను తయారు చేస్తారు. కోతలు త్వరగా ముగియుట వలన ఎముక రక్తప్రసారం లేకుండా ఉండే కాలం కూడా తగ్గుతుంది.

కాని ఆ మూసలు స్కాను తీసిననాటి గడ్డకే సరిపోతాయి. శస్త్రచికిత్స వారాల తరబడి ఆలస్యమై, ఈలోగా గడ్డ పెరిగినచో, అవి అక్కరకు రాకపోవచ్చు. అప్పుడు వైద్యుడు బల్లవద్దనే కొత్త కొలతలు తీసుకోవలసి ఉంటుంది.